పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ఉద్యోగాన్వేషణ - సామాజిక మాధ్యమాల సద్వినియోగం

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, బొంతపల్లి, గడ్డపోతారం పారిశ్రామికవాడలలో ఔషధ, రసాయన, ఇంజనీరింగ్ పరిశ్రమలు విస్తరించి ఉన్నాయి. సమీపాన రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం, పటాన్‌చెరులో 1972లో స్థాపించబడిన ఇక్రిశాట్, కందిలో 2008లో ప్రారంభమైన ఐ.ఐ.టి. ఉన్నాయి. ఐ.టి.ఐ., డిప్లొమా, బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివిన గ్రామీణ యువత ఉపాధి కోసం ఈ ప్రాంతానికి తరలివస్తున్నారు.

ఒకప్పుడు ఖాళీల సమాచారం కర్మాగారపు గేటు వద్ద నోటీసు బోర్డు, ఉపాధి కల్పనా కార్యాలయం, దినపత్రికల ప్రకటనల ద్వారా తెలిసేది. నేడు అధిక భాగం వాట్సాప్ బృందాలు, ఫేస్‌బుక్, 2003లో ప్రారంభమైన లింక్డ్‌ఇన్ ద్వారా అందుతున్నది. ఈ సౌలభ్యంతో పాటు కొన్ని జాగ్రత్తలు కూడా అవసరం.

వివరాల నమోదు: తమ ఖాతాలో "ఉద్యోగం కావలెను" అని మాత్రమే వ్రాయుట కన్నా, చేయగల పనిని స్పష్టంగా పేర్కొనడం మేలు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ అయినచో పనిచేసిన యంత్రాలను, నాణ్యతా పరీక్షల విభాగం వారైతే హెచ్.పి.ఎల్.సి. వంటి పరికరాలపై గల అనుభవాన్ని తెలియజేయాలి. షిఫ్టులలో పనిచేయుటకు సమ్మతిని కూడా తెలుపవచ్చు. కర్మాగారం లోపలి ఫొటోలు, ఉత్పత్తి పత్రాలు బహిర్గతం చేయరాదు. ఆధార్, పాన్, ధ్రువపత్రాల ప్రతులను బృందాలలో ఉంచరాదు.

ప్రకటనల పరిశీలన: వాక్-ఇన్ ఇంటర్వ్యూ ప్రకటనలు తేదీ గడచిన తరువాత కూడా చేతులు మారుతూనే ఉంటాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ నుండి ఒకరోజు కూలి వదులుకొని, బస్సు ఛార్జీలు భరించి వచ్చిన అభ్యర్థి గేటు వద్ద నుండే వెనుదిరగవలసి వస్తుంది. కావున బయలుదేరే ముందు తేదీని, స్థలాన్ని సంస్థ అధికారిక వెబ్‌సైటులోనో, కార్యాలయానికి ఫోను చేసియో నిర్ధారించుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్, రాష్ట్ర ప్రభుత్వపు డీట్ వేదికలలో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు.

మోసాల నివారణ: రిజిస్ట్రేషన్, శిక్షణ, యూనిఫారం పేరిట ముందుగా సొమ్ము కోరే ప్రకటనలను అనుమానించాలి. విదేశీ ఉద్యోగాల విషయంలో ఏజెంటు 1983 నాటి వలసల చట్టం క్రింద నమోదైనదీ లేనిదీ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవాలి. ఉద్యోగాల ఆశతో వెళ్లి మయన్మార్ సైబర్ మోసాల కేంద్రాలలో చిక్కుకున్న 540 మందికి పైగా భారతీయులను 2025 మార్చిలో వాయుసేన విమానాలలో స్వదేశానికి తీసుకువచ్చారు. వారిలో తెలుగువారు కూడా ఉన్నారు.

మోసపోయిన వారు సిగ్గుపడి మిన్నకుండరాదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేసినచో సొమ్ము ఇతర ఖాతాలకు తరలిపోకుండా బ్యాంకుల ద్వారా నిలుపుదల చేయుటకు అవకాశం ఉంటుంది. ఆలస్యమైన కొలదీ ఆ అవకాశం సన్నగిల్లుతుంది. సంభాషణల స్క్రీన్‌షాట్లు, చెల్లింపు వివరాలు భద్రపరచుకోవాలి. కంప్యూటర్ సాధనాల ద్వారా మారుపేరుతో మోసగించిన వారికి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 66-డి సెక్షను క్రింద మూడేళ్ల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.