నాయంకరము: పెనుగొండ సీమ నేర్పిన పాఠము



ఒక్క పేరు క్రింద పెక్కుచోట్ల పని జరుగవలసినపుడు అంతటను ఒకే పద్ధతి నడువవలెనా, ఎక్కడి పోకడను అక్కడివారికే విడువవలెనా యను ప్రశ్న పుట్టును. నేడు ఒకే పేరి బల్లతో ఊరూర వెలయుచున్న అంగళ్లవారికిని ఇదియే చిక్కు. పేరిచ్చినవాడు సరకు తీరును, తన వంతును నిర్ణయించును. అంగడి నడుపువాడు ఊరివారి అక్కఱ నెఱుగును. మన పెనుగొండ సీమ యీ చిక్కును విజయనగరపు నాడే చూచినది.

విజయనగర రాజులు దేశమును నాయకులకు పంచి యిచ్చిరి. దీనికి అమరనాయంకరమని పేరు. నాయకుడు రాజు పేరిట సీమ నేలుచు, నిర్ణయించినంత సైన్యమును సిద్ధముగ నుంచి, ఏటేట నిర్ణీతధనము చెల్లింపవలెను. అచ్యుతదేవరాయల కాలమున, 1535 ప్రాంతమున, పోర్చుగీసువాడగు నూనిజ్ ఇట్టి నాయకులు 200 మందికి పైగా నుండిరనియు, వారి భూముల రాబడి 120 లక్షల వరహాలలో 60 లక్షలు రాజునకు చెల్లుచుండెననియు వ్రాసెను. సేనయు ధనమును రాజు లెక్క. చెరువులు, పంటలు, గ్రామముల తగవులు అక్కడివారి పని. ధర్మవరపు చెరువు తూము ఎపు డెత్తవలెనో తుంగభద్ర యొడ్డున కూర్చున్నవానికి తెలియునా?

ఐనను ఆ స్వేచ్ఛకు మేర యేది? హిందూపురము చేరువనున్న లేపాక్షి ఆలయమును కట్టించిన విరూపణ్ణ పెనుగొండలో రాజోద్యోగి. రాజధనమును సెలవు లేక గుడికి వెచ్చించె నను నింద రాగా, తన కన్నులు తానే పెఱికికొనెనని జనశ్రుతి. అది కథయే కావచ్చును. కాని ప్రభువు లెక్కకును, స్థానికుని చొరవకును నడుమనున్న గీటు ఎంత భయంకరమో జను లెఱుగుదురనుటకు ఆ కథయే సాక్ష్యము.

1565 నాటి యుద్ధమున ఓటమి కలుగగా తిరుమలరాయలు పెనుగొండను రాజధానిగా చేసికొనెను. పైచేయి సడలినది. రాజు పేరు తమకు రక్షణ నీయనపుడు వంతు చెల్లించుటకు ఎవ్వరికి మనసొప్పును? మధుర, తంజావూరు, చెంజి నాయకులు క్రమముగ స్వతంత్రులైరి.

అంతకంటె పెద్ద లోపము మఱియొకటి కలదు. నాయకులు రైతులను మిక్కిలి పీడించిరని నూనిజ్ వ్రాసినాడు. రాజునకు చేరవలసినదానికి కొలత యుండెను. రైతునకు మిగులవలసినదానికి లేదు.

1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికి ఒప్పగించెను. 1807 వఱకు ఇచట కలెక్టరుగా నున్న మన్రో పాళెగాండ్ర నణచి, పొలము పొలమును కొలిపించి, రైతుతోనే నేరుగ పన్ను కుదిర్చెను. ఇది నాయంకరమునకు ఎదురు కొన. కొలత ఒక్కటైనది గాని పన్ను హెచ్చు. అందుచే 1807లో నాలుగవవంతు తగ్గింపవలెనని మన్రోయే పైవారికి వ్రాసెను. ఆయన 1820లో గవర్నరైన పిమ్మటగాని ఆ తగ్గింపు రైతునకు అందలేదు.

కావున పేరిచ్చువాడు తప్పక నిర్ణయింపవలసినవి రెండు: తనకు రావలసినది, క్రిందివానికి మిగులవలసినది. తక్కిన పనిని స్థలమెఱిగినవానికి విడుచుటే మేలు. మీ ఊర నెవ్వరైన నిట్టి యొడంబడికపై వ్రాలు చేయబోయినచో, అందు రెండవది వ్రాసియున్నదో లేదో ముందుగ చదివి చూడుమని చెప్పుడు.