సావిత్రి కావాలనుకున్న విజయలక్ష్మి

1996 సెప్టెంబర్ 23న మద్రాసులోని తన ఇంట్లో సినీతార సిల్క్ స్మిత తనువు చాలించింది. అప్పటికి ఆమెకు 36 ఏళ్లయినా నిండలేదు. ఈ కథ ముగింపు అందరికీ తెలుసు. తెలిసీ మళ్లీ చెప్పుకోవడం ఎందుకంటే, ఆ రోజు దాకా సాగిన దారిలో బతుకు మలుపు తిరగగలిగిన చోట్లు ఎన్నో ఉన్నాయి. వాటి దగ్గర కాసేపైనా నిలబడి ఆమె కోసం బాధపడాలి.

ఆమె అసలు పేరు విజయలక్ష్మి. ఊరు ఏలూరు పక్కన కొవ్వలి. కృష్ణ నుంచి వచ్చే కాలువ, గోదావరి నుంచి వచ్చే కాలువ ఏలూరులోనే కలుస్తాయి. రెండు నదుల నీళ్లతో పండే ఆ పచ్చటి నేల మీద, పూట గడవడమే కష్టమైన ఇంట్లో 1960 డిసెంబర్ 2న పుట్టింది. నాలుగో తరగతితో చదువు ఆగిపోయింది. ఆడుకునే వయసు దాటకముందే మెడలో పుస్తె పడింది. అత్తింట బాధలు తప్ప మరేమీ దక్కలేదు. ఆడపిల్ల పెళ్లీడు 18 ఏళ్లని చట్టం చెప్పింది 1978లో. ఆ చట్టం నీడ ఈ పిల్ల మీద పడలేదు. ఓర్చుకోలేక ఒకనాడు ఇల్లు విడిచి మద్రాసు చేరింది. ఆ బడి ఇంకో నాలుగేళ్లు సాగి ఉంటే, ఆ పెళ్లి ఇంకో నాలుగేళ్లు ఆగి ఉంటే ఏమయ్యేదో!

మద్రాసులో ఆమెకు దొరికిన మొదటి కొలువు టచప్ పని. షాటుకీ షాటుకీ మధ్య ఒక చిన్న నటి నుదుటి మీద చెమట అద్దాలి, చెదిరిన పౌడర్ సరిచేయాలి, లైట్లు వెలగగానే పక్కకు తప్పుకోవాలి. అలా తప్పుకుంటూ నిలబడిన పిల్లను తమిళ సినీ రచయిత, నటుడు వినుచక్రవర్తి చూశారు. 1980లో వచ్చిన 'వండిచక్కరం' అనే తమిళ సినిమాలో సారా అమ్మే పిల్ల వేషం ఇప్పించారు. ఆ పాత్ర పేరు సిల్క్. పాత్ర పేరు స్మిత అనే ఆమె తెరపేరుకు ముందు వచ్చి చేరింది, చివరిదాకా వదల్లేదు.

ఆమె మనసులో ఉన్న కోరిక వేరు. సావిత్రిలా, సుజాతలా, సరితలా నటించాలని ఉండేదని ఆమే ఒక ఇంటర్వ్యూలో చెప్పుకుంది. సావిత్రిదీ మన కృష్ణ ఒడ్డే. చిర్రావూరులో పుట్టి, బెజవాడలో ఆటపాటలు నేర్చి, నాటకాలాడి మద్రాసు వెళ్లిన పిల్ల. ఆ సావిత్రి 1981 డిసెంబర్ 26న కన్నుమూసింది. అదే ఏడాది భారతీరాజా 'సీతాకోకచిలుక'లో శరత్‌బాబు భార్యగా స్మిత కనిపించింది. నిండుగా చీర కట్టుకుని, మాటలు మింగి కళ్లతోనే బాధ చెప్పుకునే ఇల్లాలు ఆమె. ఆ కళ్లను చూసినవాళ్లు ఉన్నారు. అలాంటి వేషం మరొకటి ఇద్దామనుకున్నవాళ్లు మాత్రం అరుదయ్యారు.

మరుసటి ఏడు బాలు మహేంద్ర 'మూండ్రాం పిరై' వచ్చింది, తెలుగులో 'వసంత కోకిల'. అందులో ఆమె నాట్యం దక్షిణాదిని ఊపేసింది. ఇక వెనక్కి తిరిగే దారి మూసుకుపోయింది. అమ్ముడుపోక డబ్బాల్లో మూలుగుతున్న సినిమాకు సైతం ఆమె పాట ఒకటి తీసి కలిపితే బయ్యర్లు కదిలివచ్చిన రోజులవి. అప్పట్లో తెలుగు సినిమా పంపిణీకి పెద్ద కూడలి మన బెజవాడ గాంధీనగర్. నిర్మాత గట్టెక్కాడు, పంచేవాడు గట్టెక్కాడు, హాలువాడు గట్టెక్కాడు. డెల్టా ఊళ్లలో నేల టికెట్టు కొని ఈల వేసిన మనిషే, బయటికొచ్చాక ఆమె పేరు ఇంట్లో పలకడానికి సిగ్గుపడ్డాడు. 1989లో మలయాళంలో వచ్చిన 'లయనం'తో పెద్దలకు మాత్రమే అనే ముద్ర ఇంకా గట్టిగా పడింది. కాల్షీట్లు అడిగినవాళ్లే అందరూ. నీకేం కావాలమ్మా అని అడిగే దిక్కు ఆ పరిశ్రమలో ఆమెకు లేకపోయింది.

1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369'లో రాయల కొలువు రాజనర్తకిగా ఆమెను నిలబెట్టారు. ఆ అహం, ఆ ఠీవి చూస్తే ఇన్నాళ్లూ ఏం పోగొట్టుకున్నామో తెలుస్తుంది. కానీ అప్పటికే పొద్దు వాలుతోంది. సుమారు 17 ఏళ్లలో నాలుగు వందలకు పైగా సినిమాలు చేసిన మనిషి, ఆ సంపాదనను సినిమా నిర్మాణంలో పెట్టింది. నష్టాలు వచ్చాయి, అప్పులు మిగిలాయి. 'ప్రాప్తం' తీసి సావిత్రి చితికిపోయిందీ ఇలాగే. సావిత్రి వేషాలు కోరుకున్న పిల్లకు సావిత్రి కష్టాలు మాత్రం దక్కాయి.

చివరి రాత్రి ఆమె తన స్నేహితురాలు, నటి అనూరాధకు ఫోన్ చేసింది. ఒకసారి రాగలవా అని అడిగింది. పొద్దున్నే వస్తానని అనూరాధ చెప్పారు. ఎవరైనా అదే అంటారు, అందులో ఆమె తప్పు లేదు. ఆ రాత్రే కాస్త పొడవైపోయింది.

2011లో, సరిగ్గా ఆమె పుట్టినరోజున, ఆమె జీవితం స్ఫూర్తిగా ఒక హిందీ సినిమా వచ్చింది. 2018లో సావిత్రి కథ తెలుగులో వచ్చింది. ఆ పాత్రలు వేసిన విద్యాబాలన్, కీర్తి సురేశ్ ఇద్దరికీ జాతీయ ఉత్తమ నటి అవార్డులు అందాయి. సావిత్రి సినిమాకు 'మహానటి' అని పేరు పెట్టారు. విజయలక్ష్మి కథకు పెట్టిన పేరు 'ది డర్టీ పిక్చర్'. మురికి ఆమెది కాదు. ఆమెను అమ్మి బతికినవాళ్లది, కొని చూసి తిట్టినవాళ్లది. ఆ లెక్కలో మన డెల్టా వాటా చిన్నదేమీ కాదు. కొవ్వలి విజయలక్ష్మి నటి. ఇకనైనా ఆమెను ఆ మాటతోనే తలుచుకుందాం.