కంపెనీ పోయింది, నంబర్ మిగిలింది

హైదరాబాద్ లక్డీకాపూల్ చౌరస్తాలో ట్రాక్టర్ కనబడదు. కానీ ట్రాక్టర్ రైతు ఇంటికి చేరాలంటే కదలాల్సిన కాగితాలు చాలావరకు ఈ చుట్టుపక్కలే తిరుగుతాయి. అసెంబ్లీ దగ్గర వ్యవసాయ సహకార సంస్థ హాకా వారి హాకా భవన్ ఉంది. రెండడుగులు వేస్తే పబ్లిక్ గార్డెన్స్‌లో ఉద్యానశాఖ కమిషనరేట్ ఉంది. మామిడి తోటకో, కూరగాయల మడికో చిన్న ట్రాక్టరు, పవర్ టిల్లరు సబ్సిడీ మీద కావాలంటే ఆ దస్త్రం ఉద్యానశాఖ గడప తొక్కాల్సిందే. అయితే ఆ సబ్సిడీ కొత్త బండికి. తాత కొన్న టిల్లరు పాకలో తుప్పు పట్టి ఉంటే, దాన్ని మళ్లీ మోగించాలనుకునేవాడి దారి వేరు. అతను లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కి పంజాగుట్ట, అమీర్‌పేట దాటి ఏడో స్టేషన్ ఎర్రగడ్డలో దిగుతాడు, అదీ ఆదివారం సంత నాడు. లేదంటే ట్యాంక్‌బండ్ మీదుగా రాణిగంజ్ బేరింగుల కొట్లకు పోతాడు. ఆ బండి అసలు ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే తప్ప దాని సామాను ఎక్కడ దొరుకుతుందో తెలియదు.

తోట ట్రాక్టర్ పుట్టిందే పాత సామాన్లోంచి. అమెరికాలో వెస్ట్ వర్జీనియాకు చెందిన బెంజమిన్ గ్రేవ్‌లీ వృత్తిరీత్యా ఫొటోగ్రాఫర్. పెరట్లో మొక్కల సాళ్లు దున్నుకోవడానికి, చేత్తో తోసే నాగలికి పాత మోటార్‌సైకిల్ భాగాలు బిగించాడు. ఆ మోటార్‌సైకిల్ కంపెనీ పేరు ‘ఇండియన్’. పేరు చూసి మురిసిపోనక్కర్లేదు, మనకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. 1916లో అతనికి పేటెంట్ వచ్చింది. మనిషి వెనక నడుస్తూ హ్యాండిల్ పట్టుకుని నడిపే ఆ బండి వంశం అమెరికాలో దశాబ్దాలపాటు నడిచింది.

అదే రోజుల్లో ఆస్ట్రేలియాలో క్లిఫర్డ్ హోవర్డ్ అనే రైతుబిడ్డ ఇంకో పని మీద ఉన్నాడు. 1912లో గిల్‌గాండ్రా దగ్గర తండ్రి పొలంలో, ఆవిరి ట్రాక్టర్ ఇంజిన్ బలంతో నాగలి పళ్లను గుండ్రంగా తిప్పి చూశాడు. మట్టి గుల్లయింది గాని పక్కకు ఎగిరిపడుతోంది. బ్లేడును ‘ఎల్’ ఆకారంలో వంచి ఆ చిక్కు విప్పాడు. 1922లో కంపెనీ పెట్టాడు. ఇవాళ మన ఊళ్లో రోటావేటర్ కిందికి వంగి చూడండి, చాలావాటిలో తిరిగేది ఆ ఎల్ బ్లేడే.

అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఊరి బయట ఇళ్లు, ఇంటి చుట్టూ అరెకరం పచ్చిక పెరిగాయి. ఎక్కి కూర్చుని గడ్డి కోసే చిన్న ట్రాక్టర్లకు గిరాకీ వచ్చింది. 1946లో వీల్ హార్స్, 1961లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారి కబ్ క్యాడెట్, 1963లో జాన్ డీర్ 110 వచ్చాయి. కబ్ క్యాడెట్ గేర్‌బాక్సు అదే కంపెనీ పొలం ట్రాక్టరు ‘కబ్’ది, ఇంజిన్ కోహ్లర్ కంపెనీది. అంటే బండి మీద రాసిన పేరొకటి, లోపలి సామాను ఇంకొకరిది. పాతబండి బాగుచేసేవాళ్లకు ఇంతకన్నా పెద్ద వరం లేదు. బండి కంపెనీ చేతులెత్తేసినా ఇంజిన్ కంపెనీ సామాను దొరుకుతూనే ఉంటుంది.

ఆ ఇంటర్నేషనల్ హార్వెస్టరే 1963లో మహీంద్రాతో కలిసి మన దేశానికీ వచ్చింది. కానీ తెచ్చింది పొలం దున్నే పెద్ద ట్రాక్టరును, పచ్చిక కోసేదాన్ని కాదు. తెస్తే ఎవరు కొంటారు? బంగళా ఉన్నవారికి మాలీ ఉన్నాడు. పచ్చిక కోసే మిషన్ ఉన్నా దాన్ని తోసేది అతనే. తోట కోసం ట్రాక్టర్ అనే మాట మన దగ్గర చాలాకాలం ఎవరికీ తోచలేదు. చిన్న ట్రాక్టర్ మన తోటల్లోకి వరి మళ్ల మీదుగా, జపాన్ నుంచి వచ్చింది.

1920ల్లో స్విట్జర్లాండ్ వారి సిమార్ దున్నే యంత్రాలు జపాన్ చేరాయి. అక్కడి మెకానిక్‌లు వాటిని చూసి తమ బురద మళ్లకు తగినట్టు మార్చుకున్నారు. యుద్ధం తర్వాత అక్కడ భూసంస్కరణలు వచ్చాయి, చిన్న కమతాలు మిగిలాయి, 1950ల్లో టిల్లర్లు ఊరూరా పాకాయి. 1960ల్లో అవి మన ఒడ్డుకు చేరాయి. 1967లో బెంగళూరులో మిత్సుబిషి సహకారంతో వీఎస్‌టీ, 1973లో కేరళలోని అత్తాణిలో కుబోటా సహకారంతో కామ్కో మొదలయ్యాయి. హైదరాబాదులోనే కృషి ఇంజిన్స్ అనే కంపెనీ పవర్ టిల్లర్లు చేసేది. ఆ పేరుతో కొత్త టిల్లర్ ఇప్పుడు బజార్లో కనబడదు.

టిల్లరు గురించి కంపెనీ కరపత్రాలు చెప్పని సంగతి ఒకటుంది. దాని రోటరీ వెడల్పు రెండడుగులు. ఎకరం ఒక్కసారి దున్నాలంటే దాని వెనక ఆరు కిలోమీటర్ల పైచిలుకు నడవాలి, అదీ కరిగెటలో మోకాలి లోతు బురదలో, పన్నెండు గుర్రాల డీజిల్ ఇంజిన్ గుంజుతుంటే. అందుకే చేతిలో డబ్బు ఆడగానే రైతు కూర్చుని తోలే ట్రాక్టరు వైపు చూశాడు. టిల్లరు చెడ్డదై మూలపడలేదు, కాళ్లు నొప్పెట్టి మూలపడింది. అందుకే ఇవాళ పాకల్లో దొరికే పాత టిల్లర్లలో చాలావాటికి గేర్‌బాక్సు గట్టిగానే ఉంటుంది.

కూర్చుని తోలే చిన్న బండ్ల కథ ఇంకోలా నడిచింది. 1960ల్లో దేశంలో ట్రాక్టర్ల కరువు. రూపాయల్లో చెల్లింపు కుదిరే దేశాల నుంచి తెప్పించారు. సోవియట్ యూనియన్ నుంచి ఒకే సిలిండర్ డీటీ-14, చెకోస్లోవేకియా నుంచి జెటార్, తూర్పు జర్మనీ నుంచి ఆర్‌ఎస్-09 వచ్చాయి. వాటిని రైతులకు పంచడానికి రాష్ట్రాల్లో ఆగ్రో ఇండస్ట్రీస్ కార్పొరేషన్లు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 1968లో ఏర్పడినదాన్ని జనం ఇప్పటికీ ‘ఆగ్రోస్’ అనే అంటారు. డబ్బు కట్టి వంతు కోసం కూర్చోవడం, పైరవీ కోసం హైదరాబాద్ బస్సెక్కడం ఆ తరానికి బాగా తెలుసు. వచ్చిన బండ్లు గట్టివే. ఆ దేశాలే నిలబడలేదు. 1990లో తూర్పు జర్మనీ, 1991లో సోవియట్ యూనియన్, 1993లో చెకోస్లోవేకియా పటంలోంచి పోయాయి. అమ్మినవాడి దేశమే లేకపోతే స్పేర్ పార్టు కోసం ఉత్తరం ఎవరికి రాస్తాం?

అయినా అవి బతుకుతున్నాయి, ఎందుకంటే బండికి పేరు పెట్టిన కంపెనీలు లోపలి సామాను చాలామటుకు సొంతంగా కనిపెట్టలేదు. రాణిగంజ్‌లో బేరింగుల కొట్టు ముందు నిలబడి ‘పాత టిల్లరుకు బేరింగ్ కావాలి’ అంటే మీ మొహం కూడా చూడరు. ‘బండి పేరొద్దన్నా, నంబర్ చెప్పు’ అంటారు. పాత బేరింగ్ అంచు మీద గ్రీజు తుడిస్తే ఉండే నంబరే దాని జాతకం. 6205 అని ఉందనుకోండి. చివరి రెండంకెలను అయిదుతో గుణిస్తే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయటి కొలత 52, మందం 15. జపాన్‌లో చేసినా, జర్మనీలో చేసినా, జైపూర్‌లో చేసినా ఆ నంబరుకు అదే కొలత. ఆయిల్ సీల్ మీద 25-52-7 అని ఉంటే షాఫ్టు, బయటి వ్యాసం, మందం ఆ వరుసలోనే. వీ-బెల్టు మీద బి-52 అంటే పదిహేడు మిల్లీమీటర్ల వెడల్పు, లోపలి చుట్టు యాభై రెండు అంగుళాలు. మీటరూ అంగుళమూ ఒకే బెల్టు మీద కాపురం చేస్తున్నాయి, ఎవరికీ అభ్యంతరం లేదు.

నంబరు అరిగిపోతే వెర్నియర్ పట్టుకుని కొలవాలి. దీన్ని తొందరపడి చేయకూడదు. షాఫ్టు అరిగి ఉంటే అరిగిన చోట కొలిచి బుష్ తెస్తారు కొందరు, నెల తిరక్కుండా మళ్లీ ఊగుతుంది. అరగని చోట, సీల్ అవతలి వైపు కొలిస్తే అసలు కొలత తెలుస్తుంది. అరిగిన చోట వెల్డింగ్ నింపి లేత్ మీద ఆ కొలతకు తీయిస్తారు. మంచి లేత్ మిస్త్రీ ఉన్న ఊళ్లో ఏ బండీ చావదు. పోతపోసిన సామాను విరిగితేనే కష్టం. క్లచ్ హౌసింగ్ పగిలిందంటే అదే రకం ఇంకో బండిని తుక్కులో వెతకాల్సిందే. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పానాలు, పుల్లర్లు, అరుదుగా గవర్నర్ స్ప్రింగులు దొరకొచ్చు గాని క్లచ్ హౌసింగ్ దొరుకుతుందని ఆశపడి పోకండి.

చాలామందికి తట్టని ఆధారం ఒకటి ఉంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో 1983 నుంచి కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. పవర్ టిల్లర్లను విప్పి, తోలి, మళ్లీ విప్పి కొలిచి నివేదిక ఇస్తారు. మధ్యప్రదేశ్ బుద్నీలో 1955 నాటి సంస్థ ట్రాక్టర్లకు ఆ పని చేస్తుంది. సిలిండర్ బోరు ఎంత, పిస్టన్ ఎంత, రింగు సందు ఎంతవరకు అరిగితే మార్చాలి అన్నవి ఆ నివేదికల్లో మిల్లీమీటర్లతో ఉంటాయి. కంపెనీ మాన్యువల్ దొరకనివారికి ఇదే మాన్యువల్.

ఇంజిన్ పూర్తిగా పోతే చైనా ఇంజిన్ తెచ్చి కూర్చోబెడతారు. 195 రకం అంటే ఒక సిలిండరు, 95 మిల్లీమీటర్ల బోరు. మౌంటింగ్ రంధ్రాలు కలవకపోతే ఇనుప పట్టీ వేస్తారు. రేపటి నాట్లకు బండి కావాల్సినవాడు ఆ పని చేస్తే తప్పు పట్టను. తాత జ్ఞాపకంగా నిలుపుకోవాలనుకునేవాడు మాత్రం పాత ఇంజిన్ తీసి అమ్మకూడదు. రంగు వేస్తూ ఇంజిన్ నంబరు ప్లేటు మీద కూడా పెయింట్ పూసేయడం అన్నిటికన్నా పెద్ద పాపం.

జహీరాబాద్ మహీంద్రా ఫ్యాక్టరీ నుంచి 2023లో వచ్చిన ఓజా రకంలో 21 గుర్రాల తోట ట్రాక్టరు కూడా ఉంది. దాని రూపకల్పనలో జపాన్ మిత్సుబిషి మహీంద్రా ఇంజినీర్ల చెయ్యి ఉంది. కొత్తవి వస్తూనే ఉంటాయి, పాతవాటినీ నిలుపుకోవాలి. నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932లో నడిపిన ఆల్బియాన్ బస్సును ఆర్టీసీ బస్ భవన్‌లో భద్రంగా నిలబెట్టింది. పొలం యంత్రానికీ ఆ మర్యాద దక్కాలి. పబ్లిక్ గార్డెన్స్‌లో ఉద్యానశాఖ చేతిలో స్థలముంది, మూలపడ్డ బండ్ల ఆచూకీ తెలిసిన సిబ్బందీ ఉన్నారు. ఒక డీటీ-14, ఒక కృషి టిల్లరు, మొదటి తరం మిత్సుబిషి ఒకటి తెచ్చి షెడ్డు వేసి నిలబెట్టమని ఆ శాఖకు విన్నపం. మీ పాకలో అలాంటిది ఉంటే తుక్కువాడికి కిలోల లెక్కన తూచే ముందు ఇంజిన్ ప్లేటు ఫొటో తీసి, బేరింగు నంబర్లు ఒక కాగితం మీద రాసి పెట్టండి.