ఫీల్డ్‌బస్‌లో పోలింగ్ చక్రం

కర్మాగారంలో పీడనం, ఉష్ణోగ్రత కొలిచే పరికరాలన్నింటినీ ఒకే తీగల జతపై కలిపే వ్యవస్థ ఫీల్డ్‌బస్. 1979లో మోడికాన్ సంస్థ రూపొందించిన మోడ్‌బస్ వీటిలో ప్రసిద్ధమైనది. ఇందులో ప్రధాన యంత్రం ఒక్కొక్క పరికరాన్ని వరుసగా అడుగుతుంది. అడిగిన పరికరమే బదులిస్తుంది. ఈ చుట్టు పూర్తయ్యే కాలమే పోలింగ్ చక్రం.

సెకనుకు 9600 బిట్ల వేగంతో ఒక పరికరం నుంచి 10 రిజిస్టర్లు చదవడానికి, విరామాలతో కలిపి, సుమారు 46 మిల్లీసెకన్లు పడుతుంది. 20 పరికరాలకు దాదాపు ఒక సెకను. ఒక పరికరం మూగబోయి, నిరీక్షణ గడువు ఒక సెకనైతే, చక్రం రెట్టింపవుతుంది. ఆలోగా బాయిలర్ పీడనం పెరిగినా తెలియదు.

కనుక పీడనాన్ని చుట్టుకు రెండు మూడు మార్లు, నిదానంగా మారే ట్యాంకు నీటిమట్టాన్ని పది చుట్లకొకసారి అడగాలి. మూగబోయిన దానిని అరుదుగా పలకరించాలి. వరుస ఎంత చక్కగా కుదిరినా, సేఫ్టీ వాల్వు మాత్రం విడిగా ఉండి తీరాలి.