బొగ్గుగనుల వాటాలు

గోదావరిఖనిలో దసరా సమీపించినపుడు గని కార్మికులు తప్పక చెప్పుకొను ముచ్చట యొకటి కలదు: ఈ యేడు లాభములో మనకు నూటికెంత వాటా? ఆ మాట వినినపుడెల్ల నాకు ఆ కంపెనీ వాటాల పాతకథ జ్ఞప్తికి వచ్చును. దానినే నేడు మనవి చేసెదను.

ఎల్లందు ప్రాంతమున బొగ్గు కలదని 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు డాక్టరు విలియం కింగు కనుగొనెను. 1886లో నిజాం ప్రభుత్వము ఖనిజములను త్రవ్వుకొను హక్కును 99 ఏండ్లకు ఇద్దరాంగ్లేయుల కొసగెను. దానిపై లండనులో హైదరాబాదు దక్కను కంపెనీ వెలసెను. వాటాలలో నధికభాగము రొక్కము చెల్లింపకయే హక్కుదారులకు దక్కినది. పిమ్మట నవి బజారున కెక్కెను. కొన్నవారిలో నిజాం ప్రభుత్వమును గలదు.

మరి యమ్మిన దెవరు? ప్రభుత్వము పక్షమున నీ వ్యవహారమును నడపినవాడు హోంకార్యదర్శి సర్దారు అబ్దుల్ హక్కు. ప్రభుత్వము కొన్న వాటాలు రహస్యముగా నాయనకు చెందినవే యని తరువాత బయటపడెను. కొనుమన్న నోరును సొమ్మందుకొన్న చేయియు నొక్కరివే! 1888లో ఆయనను పదవినుండి సస్పెండు చేసిరి. బ్రిటిషు పార్లమెంటు విచారణసంఘమును నియమించెను.

1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీసు కంపెనీ హైదరాబాదు చట్టము క్రింద నేర్పడి, పాత కంపెనీ యాస్తులను అప్పులను స్వీకరించెను. 1945లో హైదరాబాదు ప్రభుత్వము వాటాలలో నధికభాగమును కొనెను. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమున నవి ఆంధ్రప్రదేశమునకు, 2014లో తెలంగాణమునకు సంక్రమించెను. నేడు నూటికి 51 తెలంగాణ ప్రభుత్వమువి, 49 కేంద్రమువి. కావున గోదావరిఖని గనుల చరిత్ర యారంభమగునాటికే కంపెనీ సర్కారుచేతిలో నున్నది. సింగరేణి వాటాలకు నేడు బజారులేదు.

బజారున్న కంపెనీలు మాత్రము ఏ సంస్థ కెన్ని వాటాలున్నవో మూడునెలల కొకసారి ప్రకటింపవలెను. పెద్ద సంస్థ కొన్నదన్న వార్త వినగానే పలువురు తామును కొనబోవుదురు. 1888 నాటి కథ తెలిసినవారు తొందరపడరు. పెద్దసంస్థయు మోసపోవచ్చును, అప్పుడు మోసపోయినది సాక్షాత్తు ప్రభుత్వమే గదా! కొన్నవాని పేరు పట్టికలో కనబడును. వానిచేత కొనిపించినవాని లాభ మందు కనబడదు. దానిని మనమే విచారించి తెలిసికొనవలెను.