క్వీన్స్‌బ్రిడ్జ్ ఉత్తరాలు

ఆత్మాశ్రయ కవిత్వమంటే సమాజం నుంచి పారిపోవడమేనని తీర్మానించే అలవాటు మన విమర్శలో ఇంకా పూర్తిగా పోలేదు. న్యూయార్క్ నల్లజాతి యువకుడు నాస్ 1994 ఏప్రిల్‌లో వెలువరించిన ‘ఇల్మాటిక్’ అనే ర్యాప్ ఆల్బం ఈ తీర్మానానికి లొంగదు.

1973వ సంవత్సరాన్ని గమనించాలి. ఆ ఆగస్టులో జమైకా నుంచి వలస వచ్చిన కూల్ హెర్క్ బ్రాంక్స్‌లో ఒక పార్టీకి రికార్డులు వేశాడు; ర్యాప్ సంగీతానికి అదే నాంది అంటారు. అదే ఏడు గవర్నర్ రాక్‌ఫెల్లర్ పట్టుబట్టి, మత్తుమందులు దగ్గరుంచుకున్నా ఏళ్ల తరబడి జైలు విధించే చట్టాలు చేయించాడు. నాస్ పుట్టిందీ ఆ ఏడే. పెరిగింది క్వీన్స్‌బ్రిడ్జ్‌లో, 1939లో తెరిచిన ప్రభుత్వ గృహసముదాయంలో. హైస్కూలు చదువు పూర్తి కాలేదు. 1980ల నడుమ ఆ వీధుల్లోకి క్రాక్ వచ్చింది. 5 గ్రాముల క్రాక్ అమ్మినవాడికీ 500 గ్రాముల కొకైన్ పొడి అమ్మినవాడికీ ఒకే కనీస శిక్ష, 5 ఏళ్లు, అన్నది 1986 నాటి ఫెడరల్ చట్టం. క్రాక్ కేసుల్లో జైలుకెళ్లింది అత్యధికంగా నల్లవాళ్లే.

ఈ చరిత్ర ఆల్బంలో ఉపన్యాసంగా రాదు. ‘వన్ లవ్’ పాట జైల్లో ఉన్న మిత్రులకు ఉత్తరాలు. పుట్టిన కొడుకు సంగతి, వీధిలో ఎవరెవరు ఏమయ్యారన్న కబురు, అంతే. చివర కవి ఒక పన్నెండేళ్ల కుర్రవాడితో మాట్లాడతాడు. తూటా దిగని కోటు తొడుక్కుని, తుపాకీ పెట్టుకుని తిరిగే పసివాడు వాడు. ఉత్తరం అందుకున్నవాడి గొంతు మాత్రం ఎక్కడా వినబడదు. తన లోపలికి చూసుకున్న ఈ కవికి అక్కడ కనిపించింది వీధి మొత్తం. 1992లో అతని ఆప్తమిత్రుడు కాల్పుల్లో పోయాడు. ఇరవయ్యో పుట్టినరోజును వరంగా చెప్పుకునే మరో పాట చివర అతని తండ్రి, జాజ్ కళాకారుడు ఓలూ దారా, కార్నెట్ ఊదాడు. అయితే ఆ పాట పేరే ఆడవాళ్లను తిట్టే మాట. ఈ ఆత్మపరిశీలన స్త్రీల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయిందనక తప్పదు.

శిల్పమూ పొదుపైనదే: పది భాగాలు, నలభై నిమిషాలకు లోపు. పాదాంత ప్రాసతో తృప్తిపడక పాదం నడుమనే ప్రాసలు అల్లాడు. ఐదుగురు సంగీత నిర్మాతలు పనిచేశారు. ఒక్కరితోనే ఆల్బం చేసే వాడుక ఆ తర్వాత సడలింది.

గౌరవాలు నింపాదిగా వచ్చాయి. హార్వర్డ్ 2013లో అతని పేర ఫెలోషిప్ పెట్టింది. 2021లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆల్బంను జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో చేర్చింది. రాక్‌ఫెల్లర్ చట్టాలను 2009లో చాలావరకు సడలించారు. క్రాక్‌కూ పొడికీ నడుమ 100కు 1గా ఉన్న నిష్పత్తిని 2010లో 18కి 1 చేశారు. సమానం చేయలేదు.