మిషను దస్తావేజుల నకళ్లు: తిరుపతి, చిత్తూరు ప్రాంత సంఘ చరిత్రకు ఒక ఆధారము

చిత్తూరు, తిరుపతి ప్రాంతములోని సంఘముల చరిత్రను వ్రాసినవారు సాధారణముగా మిషనెరీల నివేదికలను, బాప్తిస్మ పుస్తకములను, పెద్దల జ్ఞాపకములను ఆధారము చేసికొంటారు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయములోని పాత సంపుటముల వరకు వెళ్లేవారు తక్కువ. అయితే గుడి, బడి, సమాధుల తోట నిలిచియున్న నేలను ఎవరు ఇచ్చారు, అమ్మారా దానము చేశారా, ఏ షరతు పెట్టారు అన్న ప్రశ్నలకు జవాబు ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఆ జవాబు కావాలంటే దస్తావేజు నకలు పొందాలి. ఆ నకలు అడిగే హక్కు సంఘ కోశాధికారికో బిషప్పుగారికో మాత్రమే పరిమితము కాదని, సామాన్య సభ్యునికి కూడా ఉందని చూపడము ఈ వ్యాసములో మా ఉద్దేశము.

వేదాంత విద్యార్థులకు నకలు అనే మాట కొత్తది కాదు. యిర్మీయా 32వ అధ్యాయములో ప్రవక్త హనమేలు దగ్గర అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొన్నాడు. క్రయపత్రము వ్రాసి, సాక్షులను పెట్టి, ముద్ర వేసినదానిని, ముద్ర లేనిదానిని రెంటినీ బారూకు చేతికిచ్చి మంటికుండలో దాచమన్నాడు. రెండెందుకు? ముద్ర వేసినది ఎవరూ మార్చకుండా ఉండడానికి, తెరిచి ఉన్నది చదువుకోవడానికి అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. 1961లో మృత సముద్రము దగ్గర నహాల్ హెవెర్ గుహలో యిగాయెల్ యాదీన్ బృందానికి బాబతా అనే యూదు స్త్రీ పత్రములు దొరికాయి. అవి క్రీ.శ. మొదటి శతాబ్దము చివరి నుండి 132 వరకు వ్రాసినవి. వాటిలో కొన్ని ఇటువంటి జంట పత్రములే: ఒకే విషయమును ఒకే తోలు లేదా పపైరసు మీద రెండుసార్లు వ్రాసి, పై భాగమును చుట్టి దారముతో కుట్టి, క్రింది భాగమును చదువుకొనేందుకు వదిలివేసేవారు. మన రిజిస్ట్రేషను పద్ధతిలో అసలు దస్తావేజు కొన్నవాని ఇంటికి వెళుతుంది, తెరిచి ఉన్న ప్రతి ప్రభుత్వ పుస్తకములో మిగులుతుంది. కుండ మాత్రము రెండు చోట్ల ఉందన్నమాట.

మద్రాసు ప్రెసిడెన్సీలో దస్తావేజుల నమోదుకు 1802లోనే 17వ రెగ్యులేషను వచ్చింది. దేశమంతటికీ వర్తించే చట్టము 1864లో వచ్చింది. 1866, 1871, 1877లో మార్పులు పొంది చివరకు 1908 నాటి 16వ చట్టముగా స్థిరపడింది. దానిలోని 51వ సెక్షను ప్రకారము స్థిరాస్తి దస్తావేజులు ఒకటవ పుస్తకములో, రిజిస్ట్రేషను నిరాకరించిన కారణములు రెండవ పుస్తకములో, వీలునామాలు మూడవ పుస్తకములో నమోదవుతాయి. 57వ సెక్షను మనకు ముఖ్యము. ఒకటి, రెండు పుస్తకములను, ఒకటవ పుస్తకపు సూచికలను రుసుము చెల్లించిన ఎవరైనా చూడవచ్చు, నకలు కోరిన ఎవరికైనా ఇవ్వాలి. వీలునామాలకు ఆ స్వేచ్ఛ లేదు. వ్రాసినవారు బ్రతికి ఉండగా వారికి, వారి ఏజెంట్లకు మాత్రమే ఇస్తారు. సంఘ భూమిని ఎవరో అమ్మారని వదంతి పుట్టినప్పుడు, కాగితములు మా బీరువాలో ఉన్నాయి, మీకెందుకు అని పెద్దలు చెప్పే మాటకు ఈ సెక్షను ముందు బలము లేదు.

హక్కు ఉన్నా వెదకడము సులువు కాదు. కారణము మన ప్రాంత చరిత్రలోనే ఉంది. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలోనివి. తిరుపతి చంద్రగిరి తాలూకాలోనిది. కాబట్టి 1863లో జేకబ్ చాంబర్లేన్ మదనపల్లెలో పని మొదలుపెట్టిన నాటి పత్రములో కడప జిల్లా అని, అదే ఆర్కాటు మిషను చిత్తూరు పత్రములో ఉత్తర ఆర్కాటు అని ఉంటుంది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు వైపు నుండి సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి దానిలో చేరాయి. ఆసక్తికరమైన సంగతి ఏమంటే, ఆ పేర్లను శ్రీకాళహస్తి, తిరుపతితో కలిపి చదివితే హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను పాత కేంద్రముల పట్టిక వలె ఉంటుంది.

యజమాని పేరు మారిన తీరు ఇంకా చిక్కైనది. ఆర్కాటు మిషను 1853లో స్కడ్డరు సోదరులతో ఆరంభమైనప్పుడు అమెరికన్ బోర్డు క్రింద ఉంది. 1857లో రిఫార్మ్‌డ్ సంఘపు స్వంత బోర్డు క్రిందికి వచ్చింది. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన తరువాత ఆస్తులను సి.ఎస్.ఐ. ట్రస్ట్ అసోసియేషన్ పేరిట చేర్చుకొనే పని మొదలైంది. లూథరన్ల కథ వేరు. మైలియస్ నాయకత్వములో 1860ల మధ్యలో వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషను జర్మను మిషను గనుక, మొదటి ప్రపంచ యుద్ధములో శత్రుదేశస్థుల సంస్థ అయ్యింది. 1919 వెర్సాయ్ సంధి 438వ అధికరణము జర్మను మిషనుల ఆస్తిని అదే విశ్వాసము గల ధర్మకర్తల మండళ్లకు అప్పగించాలని చెప్పింది. ఇక్కడ 1921లో శత్రు మిషనుల చట్టము వచ్చింది. ఈ క్షేత్రమును ఒహాయో సినడ్ చేపట్టింది. ఆ సినడ్ 1930లో అమెరికన్ లూథరన్ చర్చిలో కలిసింది. 1945లో దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘము స్వయం పాలన పొందింది. 1880లో కొన్న ఒక ఎకరానికి నేటి సంఘము హక్కు చూపాలంటే ఈ గొలుసులో ప్రతి లంకెకు ఒక పత్రము కావాలి. మొదటి దస్తావేజు నకలు ఒక్కటే తెచ్చి తృప్తిపడడము సరిపోదని మా అభిప్రాయము.

వెదికే పద్ధతి ఇది. ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరులో కార్డ్ పథకము మొదలై కార్యాలయములు కంప్యూటర్ల మీదికి వచ్చాయి. ఈసీ వివరములు సాధారణముగా 1983 నుండి కంప్యూటరులో దొరుకుతాయి. అంతకుముందువాటికి చేతితో వ్రాసిన సూచికలే గతి. ఈసీలో లేదంటే దస్తావేజే లేదని కాదు, వెదికిన సంవత్సరములలో లేదని మాత్రమే. సూచికలు రెండు రకములు: మొదటిది వ్యక్తుల పేర్లతో, రెండవది ఆస్తి ఉన్న గ్రామముతో. విదేశీయుల పేర్లను గుమాస్తాలు తమకు వినబడినట్లు వ్రాసియుండవచ్చు కనుక రెండవ సూచికతో మొదలుపెట్టడము మేలు. దస్తావేజు నంబరు, సంవత్సరము, సంపుటము, పుటలు తెలిస్తే నకలుకు దరఖాస్తు పెట్టవచ్చు. పాత సంపుటము సబ్ రిజిస్ట్రారు దగ్గర లేకపోతే జిల్లా రిజిస్ట్రారు రికార్డు గదిలో అడగాలి. ఒక జాగ్రత్త: ఆ జిల్లాలో వాడుకలో లేని, అధికారికి రాని భాషలో పత్రము సమర్పిస్తే 19, 62 సెక్షనుల ప్రకారము పుస్తకములోకి ఎక్కేది దాని అనువాదమే. మన చేతికి వచ్చే నకలు ఆ అనువాదపు నకలు.

నకలు చేతికి వచ్చాక చరిత్రకారుడు ముందు చూడవలసినది చెక్కుబందీ. తూర్పున ఎవరి చేను, పడమర ఏ కాలువ, ఉత్తరమున ఏ బాట అన్న నాలుగు పంక్తులలో ఆనాటి ఊరు కనబడుతుంది. అమ్మినవాని కులము, వృత్తి, సాక్షుల సంతకములు, వేలిముద్రలు, సొమ్ము ముట్టిన విధము చూస్తే మిషనుకు ఊరిలో ఎవరు దగ్గరివారో కొంత తెలుస్తుంది. బడికే వాడాలి అన్న షరతు ఉంటే అదీ అక్కడే ఉంటుంది, నేడు ఆ స్థలములో దుకాణములు కట్టాలనుకొనేవారికి అది ఇబ్బంది కలిగించినా సరే.

న్యాయస్థానములో ఈ నకలుకు బలము ఉంది, హద్దు కూడా ఉంది. 57వ సెక్షను ప్రకారము అది అసలు పత్రములోని విషయమును రుజువు చేయడానికి పనికివస్తుంది.  ముప్పది ఏండ్లు దాటిన పత్రమును నిజమైనదిగా భావించే సూత్రము అసలుకే గాని నకలుకు వర్తించదని 1935లోనే ప్రివీ కౌన్సిలు తీర్పు చెప్పింది. 1872 నాటి సాక్ష్య చట్టము స్థానములో 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినా ముప్పది ఏండ్ల సూత్రము కొనసాగింది. అందువలన బీరువాలోని అసలు కాగితమును చెదలకు వదిలి నకలు ఉంది కదా అనుకోరాదు.

కొన్ని స్థలములకు ఎంత వెదికినా ఒకటవ పుస్తకములో ఏమీ దొరకదు. ప్రభుత్వము ఇచ్చిన దానములకు, సనదులకు 90వ సెక్షను రిజిస్ట్రేషను నుండి మినహాయింపు ఇచ్చింది. ఊరి బయటి సమాధుల తోట కలెక్టరు ఇచ్చిన స్థలమైతే దాని జాడ రెవెన్యూ రికార్డులలో వెదకాలి. జమీందారులు ఇచ్చినవి మరొక రకము. కాళహస్తి, కార్వేటినగరము, పుంగనూరు ప్రాంతములలో 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టము తరువాతి సెటిల్‌మెంటు రికార్డులు కూడా చూడాలి. ఇక రెండవ పుస్తకమును దాదాపు ఎవరూ అడగరు. మిషను పత్రమును ఎప్పుడైనా అధికారి త్రిప్పి పంపియుంటే దాని కారణము ఆ పుస్తకములో ఉంటుంది, దాని నకలు కూడా కోరిన ఎవరికైనా ఇవ్వవలసినదే.